రాగి బిందెలో నిమ్మనీళ్లు: నా సలహాతోనే ముదిరిన ఒక వాంతుల కేసు

ఈ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయలేదు. గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. మా క్లినిక్ నల్గొండ జిల్లాలో, మునుగోడు వైపు ఒక చిన్న ఊళ్లో ఉంది. చుట్టూ బత్తాయి, నిమ్మ తోటలు. ఎండాకాలం వస్తే నకిరేకల్ మార్కెట్‌కు పోయే నిమ్మకాయల బస్తాలు మా గేటు ముందు నుంచే వెళ్తుంటాయి. ఈ కేసులో నిమ్మకాయకు పెద్ద పాత్రే ఉంది కాబట్టి చెబుతున్నాను.

మొదటి రాక

మే రెండో వారం. ముప్పై నాలుగేళ్ల ఆమె, ఉపాధి పనికి పోతుంది. రెండు వారాలుగా పొద్దున్నే కడుపులో తిప్పడం, వారానికి మూడు నాలుగు సార్లు వాంతి. జ్వరం లేదు, విరేచనాలు లేవు. మధ్యాహ్నానికి మామూలై అన్నం బాగానే తింటుంది. అప్పటికే ఒకచోట చూపించుకుంది. అక్కడ వైడాల్ పరీక్ష చేసి "టైఫాయిడ్ ఉంది" అన్నారట. ఐదు రోజులు ఇంజెక్షన్లు, రెండు సెలైన్లు అయ్యాయి. రిపోర్టు నాకు చూపించింది. టైటర్, అంటే రక్తాన్ని ఎంత పలుచన చేసినా పరీక్ష పాజిటివ్ చూపిందో చెప్పే అంకె, 1:80. మన దగ్గర ఆరోగ్యంగా తిరిగే మనుషుల్లో కూడా ఈ అంకె కనిపిస్తూనే ఉంటుంది. జ్వరమే లేని మనిషికి దాన్ని చూసి టైఫాయిడ్ అనడం కుదరదు.

పొద్దున వాంతులంటే ఎవరికైనా మొదట వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. మూత్ర పరీక్ష నెగెటివ్. ఆ మాట చెప్పగానే పక్కన కూర్చున్న అత్తగారి ముఖం కొంచెం వాడిపోయింది.

పొట్ట మెత్తగా ఉంది, కామెర్లు లేవు, బీపీ బాగుంది, నాలుక కొద్దిగా ఎండింది. పొద్దున ఆరింటికి ఖాళీ కడుపుతో ఎండలో మట్టి తవ్వే మనిషి. గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు), ఎండదెబ్బ అని రాసుకున్నాను. కడుపులో ఆమ్లం తగ్గడానికి పాంటోప్రజోల్, వాంతికి ఆన్డాన్‌సెట్రాన్ ఇచ్చాను. మే నెలలో వచ్చిన ప్రతి మనిషికీ చెప్పే మాటే ఆమెకూ చెప్పాను: "నిమ్మకాయ నీళ్లల్లో ఇంత ఉప్పు, ఇంత చక్కెర వేసుకొని బాగా తాగమ్మా."

ఆమె తలూపింది. "తాగుతనే ఉన్న సార్" అని కూడా అన్నది. ఆ మాట విన్నాను, పట్టించుకోలేదు.

రెండో రాక

వారం తర్వాత మళ్లీ వచ్చారు, ఈసారి ముగ్గురు. కోడలికి వాంతులు పెరిగాయి. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న కూతురికీ మొదలయ్యాయి. అత్తగారికి వాంతి లేదు గానీ వికారం, నోట్లో అదో రకం రుచి. ఒక ఇంట్లో ముగ్గురికి ఒకే బాధ ఉంటే అది ముగ్గురి కడుపుల్లో విడివిడిగా పుట్టింది కాదు. ఇంట్లో అందరికీ అందుతున్నదేదో ఉండాలి.

అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కొని, మొదటిరోజే అడగాల్సినవి అడిగాను. ఇంట్లో ఐదుగురు. ఆమె భర్త ఆటో నడుపుతాడు, అతనికేం లేదు. మామగారికీ ఏం లేదు. అందరూ తినేది ఒకే వంట. నీళ్లు ఒకే బోరువి. మరి ఇద్దరు ఎలా తప్పించుకున్నారు?

"ఎప్పుడు మొదలైతది?"

"పొద్దుగాల నిమ్మకాయ నీళ్లు తాగి బయలెల్లుత సార్. చెరువు కట్ట కాడికి పొయ్యే లోపల్నే కడుపుల తిప్పుతది."

ఇంటి నుంచి చెరువు కట్ట పావుగంట నడక.

"నోరెట్లుంటది?"

కూతురు అందుకుంది. "పైసలు నాకినట్టు ఉంటది సార్."

నేను రాయడం ఆపేశాను. చెడిపోయిన తిండి వల్ల వచ్చే వాంతులకు సాధారణంగా కొన్ని గంటలు పడుతుంది. తాగిన పది ఇరవై నిమిషాల్లో వాంతి, జ్వరం లేదు, నోట్లో లోహపు రుచి. ఈ మూడూ కలిస్తే ఆలోచన పాత్ర మీదికి పోవాలి. "ఆ నీళ్లు ఎండ్ల కలుపుతరు?" అని అడిగాను.

రాగి బిందెలో. మూతున్న చిన్న బిందె, మూడు లీటర్లు పట్టేది. ఉగాదికి ముందు అత్తగారు కొన్నారు. పొద్దున ఆరింటికే పనికి పోవాలి కాబట్టి రాత్రి పడుకునే ముందే నాలుగైదు నిమ్మకాయలు పిండి, ఉప్పు వేసి అందులో పెట్టేస్తుంది, చక్కెర పొద్దున కలుపుతుంది. అంటే ఎనిమిది తొమ్మిది గంటలు అందులోనే ఉంటాయి. నేను బాగా తాగమన్న తర్వాత కాయలూ పెంచింది, గ్లాసులూ పెంచింది. కూతురికి కూడా పోయడం మొదలుపెట్టింది. అత్తగారికి షుగరు, అందుకని చక్కెర వేయకముందే అర గ్లాసు తీసుకుంటుంది. భర్త పొద్దున్నే ఆటో అడ్డా మీద చాయ్ తాగుతాడు, ఇంట్లో ఏమీ ముట్టడు. మామగారు రంజన్‌లో (మట్టి కుండ) నీళ్లు తప్ప ఇంకేవీ తాగడు.

ఇంకొక్క సంగతి బయటపడింది. మధ్యలో మూడు రోజులు తల్లీకూతుళ్లు హాలియా దగ్గర ఒక పెండ్లికి పోయారు. ఆ మూడు రోజులూ ఇద్దరికీ ఏ బాధా లేదు. వచ్చిన మర్నాడే మళ్లీ వాంతి. "ఎండల తిరిగినందుకు" అనుకున్నారట. తిరిగిందంతా పెండ్లింట్లో ఉన్న రోజుల్లోనే కదా అని నేనంటే కూతురు నవ్వింది.

బిందె

మర్నాడు బిందె తెమ్మన్నాను. రాత్రి కలిపిన నీళ్లు పారబోయకుండా, తాగకుండా అలాగే తెమ్మన్నాను. బట్టలో చుట్టి తెచ్చారు.

పైన అద్దంలా ఉంది. టార్చి వేసి లోపలికి చూశాను. మెడ కింద, నీటి మట్టం ఉండే చోట చుట్టూ వేలెడు వెడల్పున నీలం, ఆకుపచ్చ కలిసిన గీత. కిలుము. గోరుతో గీకితే పొడిగా రాలింది. ఆ గీతకు పైన రాగి నల్లబడి, మచ్చలు మచ్చలుగా ఉంది. గీతకు కింద మాత్రం, అంటే రోజూ నిమ్మనీళ్లు నిలబడే మేర, అప్పుడే ముద్ర కొట్టిన పైసలా గులాబీ రంగులో మెరుస్తోంది.

"లోపల దేంతో తోముతవమ్మా?"

"తోమేదేం లేదు సార్. నిమ్మకాయ నీళ్లకు అదే సాఫ్ అయితది."

ఈ జవాబు నాకు ల్యాబ్ రిపోర్టు కంటే ఎక్కువ చెప్పింది. మనం చింతపండుతో ఇత్తడి చెంబు తోమితే పైనున్న నలుపు కరిగి, పచ్చటి నీళ్లుగా జారిపోతుంది. వాటిని మోరీలో పోస్తాం. ఈ ఇంట్లో ఆ తోమిన నీళ్లనే చక్కెర వేసుకొని తాగుతున్నారు.

రాగి గాలి తగిలితే పైన ఆక్సైడ్ పొర కడుతుంది. మామూలు నీళ్లు దాన్ని పెద్దగా కదిలించవు. నిమ్మరసం పీహెచ్ (ఈ అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ) 2 నుంచి 3 మధ్య ఉంటుంది, ఆ పొరను ఇట్టే కరిగిస్తుంది. నీళ్లలో కరిగి ఉన్న గాలి వల్ల కింది రాగి మళ్లీ ఆక్సైడ్ అవుతుంది, అదీ కరుగుతుంది. సిట్రిక్ ఆమ్లం రాగిని పట్టుకొని నీళ్లలోనే ఉంచుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఈ పనికి ఇంకొంచెం తోడు పడుతుంది. రాత్రంతా జరిగేది ఇదే.

నీళ్లలో రాగి ఎంతో కొలవాలంటే సాంపిల్ హైదరాబాద్ పంపాలి. ఖర్చు వాళ్లమీద పడుతుంది, వచ్చిన అంకెతో నా వైద్యం మారదు. పంపలేదు. ఈ కేసులో ఉన్న లోటు అది, ఒప్పుకుంటాను. దానికి బదులుగా జరిగింది కూతురి పుణ్యం. నేను రాగి కరుగుతుందని చెబుతుంటే ఆ అమ్మాయి, "టెన్త్‌ల చేసినం సార్, మైలుతుత్తం నీళ్లల్ల ఇనుప మేకు ఏస్తే ఎర్రగైతది. గిండ్ల గూడ ఏద్దామా?" అన్నది. మైలుతుత్తం అంటే రాగి లవణమే.

మా కాంపౌండర్ రెండు మేకులు తెచ్చి ఇసుక కాగితంతో తెల్లగా రుద్దాడు. ఒకటి బిందెలోని నిమ్మనీళ్లు పోసిన గాజు గ్లాసులో వేశాం. రెండోదాన్ని ఇంటికి పట్టుకుపోయి, రాత్రి స్టీలు గిన్నెలో కలిపి పెట్టిన నిమ్మనీళ్లలో వేయమన్నాను. పోలిక లేకుండా ఏదీ నమ్మకూడదు కదా. మా గ్లాసులో మేకు రెండు గంటలకు మసక ఎరుపు పూత పట్టింది. మొదట కొన దగ్గర, తర్వాత మేకంతా. తీసి తెల్ల కాగితం మీద పెడితే రాగి రంగు తెలిసిపోయింది. ఇంటి దగ్గరి మేకు చిన్న చిన్న బుడగలు పట్టి బూడిద రంగుకు మారింది, ఎర్రబడలేదు. ఇది కొలత కాదు. రాగి తక్కువగా ఉన్న నీళ్లలో మేకు ఎర్రబడకపోవచ్చు, అంతమాత్రాన ఆ నీళ్లు మంచివని కాదు. అయినా ఆ ఇంట్లో వాళ్లకు నేను గంట చెప్పినా ఎక్కనిది ఆ మేకు చూస్తే ఎక్కింది.

పరీక్షలు, నిర్ధారణ

ముగ్గురికీ రక్తం పరీక్ష, లివర్ పరీక్షలు, కిడ్నీల కోసం క్రియాటినిన్ చేయించాను. రాగి ఎక్కువ మోతాదులో ఒంట్లోకి పోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు, కాలేయం, కిడ్నీ దెబ్బతినవచ్చు. అందుకని హిమోగ్లోబిన్, బైలిరుబిన్ ముఖ్యంగా చూశాను. అన్నీ బాగున్నాయి. కోడలికి కొద్దిగా రక్తహీనత ఉంది, అది ఈ కథకు సంబంధం లేనిది. రక్తంలో రాగి పరీక్ష చేయించలేదు. కొద్ది వారాల ఇలాంటి తాకిడికి అది మామూలుగానే వచ్చే అవకాశం ఎక్కువ. విల్సన్ జబ్బు అనే అరుదైన జన్యు సమస్య ఒకటుంది, అందులో కాలేయం రాగిని బయటికి పంపలేదు. ఆ అనుమానానికి ఆధారం దొరుకుతుందేమోనని ఇంట్లో చిన్న వయసులో కామెర్లతో, చేతుల వణుకుతో పోయినవాళ్లున్నారా అని అడిగాను, కళ్లలో ఉంగరంలాంటి రంగు కోసం చూశాను. ఏమీ లేవు.

నిర్ధారణ: పుల్లటి పానీయం రాగి పాత్రలో నిల్వ ఉంచడం వల్ల వచ్చిన రాగి విషప్రభావం, కడుపు వరకే పరిమితం. రాగి లవణాలు పొట్ట లోపలి పొరను రేపి వాంతి తెప్పిస్తాయి. ఒకప్పుడు విషం తాగినవాళ్లకు వాంతి చేయించడానికి డాక్టర్లు మైలుతుత్తమే వాడేవాళ్లు. అంటే ఈమె కడుపు చేయాల్సిన పనే చేసింది, మేమే దానికి మాత్ర వేసి ఆపాలని చూశాం.

తాగే నీళ్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల రాగి వరకు పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ఇంకా కఠినం: 0.05 వరకు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చు. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములు దాటేసరికి కొందరికి వికారం మొదలవుతుంది.

వైద్యం అంటూ పెద్దగా లేదు. ఆ నీళ్లు మానేయడం, రెండు రోజులు ఓఆర్ఎస్. పాంటోప్రజోల్ ఆపేశాను. ఇంట్లోగానీ చుట్టాల్లోగానీ ఆ బిందెలోనో, ఇత్తడి గిన్నెలోనో పాలు కాచి పసిపిల్లలకు పోస్తున్నారా అని ఒకటికి రెండుసార్లు అడిగాను. లేరన్నారు. ఎందుకు అడిగానంటే, మన దేశంలో ఒకప్పుడు చిన్నపిల్లల కాలేయం గట్టిపడి చనిపోయే జబ్బు ఉండేది. 1983లో పుణె ప్రాంతపు పిల్లల మీద వచ్చిన పరిశోధన దాన్ని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిల్వ ఉంచిన పాలతో ముడిపెట్టింది. పాలలోని ప్రోటీను రాగిని బాగా పట్టుకుంటుంది. స్టీలు గిన్నెలు వచ్చి ఇత్తడి వంటింట్లోంచి పోయాక ఆ జబ్బూ దాదాపు కనిపించకుండా పోయింది. ఇప్పుడు "పాత పద్ధతి" అంటూ ఇత్తడి గిన్నెలు మళ్లీ పొయ్యి మీదికి వస్తున్నాయి. కొనండి, వాడండి, లోపల కళాయి, అంటే తగరపు పూత, ఉంటేనే. అయితే కళాయి పోసే మనిషి ఏడి? మా చిన్నప్పుడు నెలకోసారి వీధిలో తిత్తి పెట్టి నవసాగరం పొగ లేపేవాడు. ఇప్పుడు నల్గొండలో వెతికినా కష్టమే. దొరికినా ఆ తగరంలో సీసం కలిపాడో లేదో అడిగి నిర్ధారించుకోవాలి. సీసానికి ఇంత వరకు పరవాలేదు అనే హద్దే లేదు.

అసలు రాగి బిందె ఎందుకు కొన్నట్టు?

కేసు ఇక్కడితో అయిపోవాలి. కానీ నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ భాగం.

అత్తగారికి యాభై ఎనిమిది. ఆరేడేళ్లుగా మోకాళ్లు, నడుము నొప్పులు. ఎవరో చెప్పారట, రాగి బిందెలో రాత్రంతా ఉంచితే నీళ్లలో ఫ్లోరైడ్ పోతుందని. అందుకే కొన్నది. "గా ఫ్లోరైడ్ బోయి నొప్పులు తగ్గుతయని తెచ్చిన బిడ్డా, కోడలికి గిట్లయితదని ఎట్ల తెలుస్తది" అని బిందెను చూస్తూ అన్నది.

ఈ ప్రాంతంలో ఫ్లోరైడ్ మాట ఊరికే రాదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి వైపు బోర్ల నీళ్లు తాగి వంగిపోయిన నడుములు మన కళ్లముందే ఉన్నాయి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతికి పేరే "నల్గొండ టెక్నిక్". పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైనీళ్లు తీసుకోవడం. ప్రపంచంలో ఫ్లోరైడ్ గురించి రాసే పుస్తకాల్లో మా జిల్లా పేరు ఈ రకంగా నిలిచిపోయింది.

రాగి ఫ్లోరైడ్‌ను తీయదు. స్టీలు తీయదు, వెండి తీయదు, మామూలు మట్టి కుండ కూడా నమ్ముకోదగినంత తీయదు. కాచితే అసలే పోదు, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పాత్ర మార్చితే నీళ్లు మారవు. ఆమెకు ఇదే చెప్పాను, కొంచెం మెత్తగా.

ఆమెను లేపి మూడు పనులు చేయించాను: వంగి కాలివేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులు తల వెనక్కి పెట్టడం. మెడ సగమే వంగింది, వేళ్లు మోకాళ్ల కిందికి దిగలేదు. నల్గొండలో ముంజేయి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్య పొర అంచున సున్నం పేరుకొని ముళ్లలా కనిపించింది. అది ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే జబ్బు, గుర్తు. బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో చూపిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దుకు దాదాపు రెట్టింపు ఉంది. ఇంటి ముందు మిషన్ భగీరథ నల్లా ఉంది, కృష్ణా నీళ్లు వస్తాయి. వాటిని బట్టలకు, బర్రెలకు వాడుతున్నారు. తాగడానికి బోరు. కారణం? "నల్లా నీళ్లు మందు వాసనొస్తయి సారూ." క్లోరిన్ వాసన. పట్టి మూత లేకుండా కొన్ని గంటలు ఉంచితే చాలా మటుకు పోతుందని చెప్పాను.

వాళ్ల తరఫు చదువుకున్న అబ్బాయి ఒకతను ఫోన్లో నన్ను నిలదీశాడు. 1970లలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మన దగ్గర మోకాళ్లు లోపలికి వంగే జబ్బు మీద పరిశోధన చేసి, రాగి తగ్గడం ఒక కారణం అన్నారు కదా, అలాంటప్పుడు రాగి బిందె మంచిదే కదా అని. అతను సగం నిజం చదివాడు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో జొన్నలు ప్రధానంగా తినేవాళ్లలో ఆ వంకర ఎక్కువ కనిపించింది. ఆ జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువగా ఉండి, ఒంట్లోంచి రాగి మూత్రంలో ఎక్కువ పోతోందని వాళ్లు అనుమానించారు. ఎదిగే వయసు పిల్లల సంగతి అది. పెద్ద మనిషికి రోజుకు కావలసిన రాగి ఒక మిల్లీగ్రాము అటూఇటూ. పప్పులు, పల్లీలు, నువ్వులు తింటే వస్తుంది. వాంతి అయ్యేంత రాగి తాగితే ఎముక గట్టిపడదు.

మిగతా పాత్రల సంగతి

రాగిని దొంగను చేయడం నా ఉద్దేశం కాదు. బెంగళూరు శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన పనిలో, రాగి కుండలో 16 గంటలు ఉంచిన నీళ్లలో విరేచనాలు కలిగించే బాక్టీరియా చచ్చిపోయింది. నీళ్లలోకి దిగిన రాగి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల లోపే. మంచి విషయమే. కానీ అది ఉత్త నీళ్ల గురించి. నిమ్మనీళ్లు, మజ్జిగ, చింతపండు చారు, మామిడికాయ పానకం, కల్లు, ఇవి ఆ లెక్కలోకి రావు. పాత్ర మంచిదా చెడ్డదా అని నన్ను అడిగేవాళ్లందరికీ తిరుగు ప్రశ్న వేస్తాను: దాంట్లో ఏం పోస్తున్నావు, ఎంతసేపు ఉంచుతున్నావు, లోపలి గోడ ఎట్లుంది?

సిల్వర్ గంజుల (వంట గిన్నెల) గురించి ఆ ఇంట్లో కూడా అడిగారు. మనం సిల్వర్ అనేది అల్యూమినియం. పులుసు కాస్తే కొంత దిగుతుంది, ఫ్లోరైడ్ నీళ్లయితే ఇంకొంచెం దిగుతుంది. 1987లో శ్రీలంక నుంచి ఒక చిన్న పరిశోధన 'నేచర్' పత్రికలో వచ్చి పెద్ద కలకలం లేపింది. ఫ్లోరైడ్ నీళ్లలో అల్యూమినియం విపరీతంగా కరుగుతుందన్నారు. తర్వాత వాళ్లే ఆ అంకెలు అతిగా వచ్చాయని సవరించుకున్నారు. మొదటి వార్త మాత్రమే ఇప్పటికీ తిరుగుతోంది. కిలో శరీర బరువుకు వారానికి 2 మిల్లీగ్రాముల వరకు అల్యూమినియం ఓర్చుకోవచ్చని అంతర్జాతీయ నిపుణుల కమిటీ 2011లో చెప్పింది. అరవై కిలోల మనిషికి వారానికి 120 మిల్లీగ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పులుసు దాంట్లో వండకపోవడం మంచిది. మిగతావాళ్లు పులుసు దాంట్లోనే రాత్రంతా వదిలేయకుండా స్టీలు గిన్నెలోకి తీసుకుంటే చాలు. పాత ఇనుము, పాత సామాన్ల దుకాణాల సరుకు కరిగించి పోసిన చవక గంజులంటే మాత్రం నాకు భయమే. ఏ లోహం ఎంత కలిసిందో ఎవరికీ తెలియదు, సీసం కూడా ఉండొచ్చు.

స్టీలుతో ఈ గొడవలు లేవు. గాజుతో అసలే లేవు.

ప్లాస్టిక్ మీద ఒక్క మాట. మా ఊరి హోటల్లో పార్సిల్ చాయ్ అంటే మసిలే చాయ్‌ని పలుచటి పాలిథిన్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. దాన్ని పేపర్ కప్పుల్లోకి ఒంపుకుంటారు. ఆ పేపర్ కప్పు లోపల కూడా ప్లాస్టిక్ పూతే. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చూస్తే, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం అందులో పావుగంట ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగాయి. అవి ఒంట్లో ఏం చేస్తాయో పూర్తిగా తేలలేదు. నేను మాత్రం మా సిబ్బందికి స్టీలు ఫ్లాస్కు కొనిచ్చాను.

ఆ ఇంటి మామగారి రంజన్ సంగతి చెప్పాలి. మూడోసారి వచ్చినప్పుడు ఆయన కూడా వెంట వచ్చాడు. "నేను మొదట్నే చెప్పిన. పుల్లటిది రాగిల పొయ్యొద్దని. ఇంటే గదా" అని అందరి ముందు అన్నాడు. నిజంగానే చెప్పాడట. పెద్దవాళ్ల మాట ఇట్లా నిలబడితే నాకు సంతోషంగానే ఉంటుంది. అయితే అదే పెద్దాయన బోరు నీళ్లలోనే బలం ఉందని, నల్లా నీళ్లు తాగితే కాళ్లు గుంజుతాయని కూడా గట్టిగా వాదించాడు. ఇంట్లో బోరు నీళ్లు ఆగకపోవడానికి సగం కారణం ఆయనే. రంజన్ మంచి పాత్రే, మట్టి రంధ్రాల్లోంచి నీరు ఊరి ఆవిరవుతూ చల్లబరుస్తుంది, లోహం గొడవ లేదు. కానీ ఆయన చేయి పెట్టి లోటా ముంచి తీసుకుంటాడు. పొడుగు పిడి గరిటె పెట్టమన్నాను, వారానికోసారి ఎండబెట్టమన్నాను. రెండోది చేస్తున్నారు.

తర్వాత

బిందె మానేసిన రెండో రోజుకు కోడలికి వాంతులు ఆగిపోయాయి, నాలుగో రోజుకు కూతురి నోట్లో రుచి పోయింది. మూడు వారాల తర్వాత లివర్ పరీక్షలు మళ్లీ చేయించాను, మామూలే. కోడలు ఇప్పుడు కూడా నిమ్మనీళ్లే తాగుతుంది. స్టీలు బాటిల్లో, పొద్దున అప్పటికప్పుడు పిండుకొని. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతోంది.

మే నెలలో నేను రాసే చీటీల మీద "నిమ్మనీళ్లు" అన్న మాట పక్కన ఇప్పుడు "స్టీలు లేదా గాజులో" అని చేర్చి రాస్తున్నాను. కొందరు ఎందుకని అడుగుతారు, చెబుతాను. మేకు ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఒక ప్లాస్టర్ ముక్కకు అంటించి ఉంది.

అత్తగారు నవంబర్‌లో వచ్చింది. ఆర్నెల్లుగా భగీరథ నీళ్లే తాగుతున్నారట, అదీ పెద్దాయనతో రెండు సార్లు కొట్లాడి. బిందె దేవుడి గదిలో పెట్టి రోజూ పూలు వేస్తోంది. నొప్పులు తగ్గాయా అని అడిగాను. లేదన్నది. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోతుంది తప్ప ఆర్నెల్లకు పోదని అప్పుడే చెప్పాను గానీ, ఆమె ఇంకేదైనా చెబుతానేమోనని చూస్తోంది. మోకాళ్లకు వ్యాయామం మళ్లీ ఒకసారి చేసి చూపించాను, కాల్షియం రాశాను, మార్చిలో రమ్మన్నాను.